డిక్టేషన్ రోజూ పెడితే స్పెల్లింగ్ వస్తుందా? ఫ్రాన్స్ స్కూళ్ల అనుభవం ఏం చెప్తోంది

సాయంత్రం చీకటి పడుతోంది, నలుగురు మగపిల్లలు ఇంకా ఇంటికి రాలేదని అమ్మా నాన్నా కంగారు పడుతున్నారు. ఫ్రాన్స్ విద్యాశాఖ వాళ్ల దగ్గరున్న ఒక డిక్టేషన్ ఇలా మొదలవుతుంది. మొత్తం 67 పదాలు, మన ఐదో క్లాసు వయసు పిల్లలకి పెడతారు. 1987 లో పెట్టిన ఆ డిక్టేషన్‌నే ఒక్క ముక్క మార్చకుండా 2007 లో, 2015 లో, 2021 లో మళ్లీ పెట్టి చూశారు. 1987 లో పిల్లలు సగటున 10.7 తప్పులు చేస్తే 2007 కి అవి 14.7 అయ్యాయి, 2015 కి 18, 2021 కి 19.4. అంటే 34 ఏళ్లలో దాదాపు డబుల్.

ఇలాంటి నంబర్ బయటికొస్తే ఎక్కడైనా గోలే కదా, అక్కడా అంతే. 2015 లో అప్పటి విద్యామంత్రి నజత్ వలో-బెల్కసెమ్ రోజూ డిక్టేషన్ ఉండాలన్నారు. 2021 లెక్కలు 2022 డిసెంబర్‌లో వచ్చాయి, కొత్త ఏడాది మొదట్లోనే పాప్ న్‌దియాయ్ మంత్రిగా ఉండగా స్కూళ్లకి మళ్లీ అదే మాట వెళ్లింది, రోజూ డిక్టేషన్ అని. పార్టీ ఏదైనా మందు ఒకటే. నాకు బాధ అనిపించేది ఇక్కడే, ఎందుకంటే ఇంకో మందు గురించి ఫ్రెంచ్ ఎలా నేర్పాలని రీసెర్చ్ చేసేవాళ్లు ఏళ్ల తరబడి చెప్తూనే ఉన్నారు.

ముందు తప్పులు ఎక్కడ పెరిగాయో చూడాలి. కొత్త పదం స్పెల్లింగ్ తెలీక చేసే తప్పుల కంటే ఎక్కువగా పెరిగినవి గ్రామర్ తప్పులు, అంటే బహువచనం గుర్తు పెట్టకపోవడం, క్రియ చివర సరైన అక్షరాలు రాయకపోవడం లాంటివి. మన తెలుగువాళ్లకి ఇది వెంటనే అర్థం కాదు, ఎందుకంటే మనకి ఆ బాధే లేదు. "చిన్న అమ్మాయిలు ఆడుతున్నారు" అంటే ఆ "లు" వినపడుతుంది, ఆ "రు" వినపడుతుంది, విన్నది రాస్తే చాలు. మన పిల్లల తిప్పలన్నీ శ, ష, స దగ్గర, ల, ళ దగ్గర, ఒత్తుల దగ్గర. అదే వాక్యం ఫ్రెంచ్‌లో "లె పెతీత్ ఫీయ్ జూ" అని పలుకుతారు. రాసేటప్పుడు మాత్రం "పెతీత్" చివర ఒక ఎస్, "ఫీయ్" చివర ఇంకో ఎస్, "జూ" చివర ఇ ఎన్ టి అని మూడక్షరాలు రావాలి, వీటిలో ఒక్కటి కూడా నోట్లోంచి బయటికి రాదు. ఒక్కమ్మాయి ఆడినా "జూ"నే, పదిమంది ఆడినా "జూ"నే. అంటే పిల్లాడు చెవితో రాయలేడు, వాక్యాన్ని మనసులో విడదీసి ఎవరు చేస్తున్నారు, ఎంతమంది, ఏ పదం దేనికి అతుక్కుంది అని ఆలోచించి రాయాలి. మరి ఆ ఆలోచన ఎవరు నేర్పుతారు? టీచర్ చదివి, పిల్లలు రాసి, ఎర్ర పెన్నుతో కొట్టేసి, మార్కులేసి ఇచ్చేస్తే ఆ ఆలోచన ఎక్కడి నుంచి వస్తుంది?

ఫ్రాన్స్‌లో కాత్రిన్ బ్రిసో, దానియెల్ కోజిస్ లాంటి పరిశోధకులు పట్టుకున్న పాయింట్ ఇదే. వాళ్లు ముందుకు తెచ్చిన పద్ధతుల్లో ఒకటి చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. రోజుకి ఒక్క వాక్యం. టీచర్ చెప్తారు, పిల్లలు రాస్తారు, తర్వాత క్లాసులో ఒక్కో పదాన్ని ఎన్ని రకాలుగా రాశారో అన్నీ బోర్డు మీదకి ఎక్కుతాయి, ఏది కరెక్టో టీచర్ అప్పుడే చెప్పరు. పైన చెప్పిన వాక్యమే తీసుకోండి. "జూ" కింద మూడు రకాలు వస్తాయి, చివర ఇ ఒక్కటే పెట్టినవాళ్లు, ఇ ఎస్ పెట్టినవాళ్లు, ఇ ఎన్ టి పెట్టినవాళ్లు. ఎస్ పెట్టిన పిల్లని ఎందుకమ్మా అనడిగితే "చాలామంది అమ్మాయిలు కదా, అందుకని" అంటుంది. ఎంత చక్కటి కారణమో చూడండి! ఆ పిల్లకి బహువచనం అర్థమైంది, కాకపోతే నామవాచకం రూల్ తీసుకెళ్లి క్రియకి తగిలించింది. పక్క పిల్లాడు లేచి "ఆడటం అనేది వస్తువు కాదు, పని, దానికి ముందు "లె" (ఇంగ్లీష్ "ది" లాంటిది) రాదు, కాబట్టి ఎస్ రాదు" అంటాడు. అలా వాదించుకుంటూ ఒక్కో రూపాన్ని కారణం చెప్పి బోర్డు మీంచి తుడిపేస్తారు. ఎర్ర పెన్ను ఆ పిల్లకి ఎస్ తప్పని మాత్రమే చెప్పేది, ఆ ఎస్ ఎందుకు పెట్టిందో ఎవరూ అడిగేవాళ్లు కాదు.

కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే క్యూబెక్‌లో మరీ నదో, కరోల్ ఫిషర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ రోజుకో వాక్యం పద్ధతినీ, "సున్నా తప్పుల డిక్టేషన్" అనే ఇంకో పద్ధతినీ నిజం క్లాసుల్లో పెట్టి చూశారు. ఈ రెండోదాంట్లో డిక్టేషన్ మధ్యలోనే పిల్లలు ఏ డౌటైనా అడగొచ్చు, టీచర్ సమాధానం డైరెక్టుగా ఇచ్చేయకుండా నువ్వేం అనుకుంటున్నావ్, ఎలా చెక్ చేస్తావ్ అని నడిపిస్తారు, డౌట్ రావడమే మంచి పని అక్కడ. పిల్లలు మెరుగయ్యారు, కాకపోతే వారానికి వారం వదలకుండా చేస్తేనే, ఆ మాటల్లో గ్రామర్ గట్టిగా నడిస్తేనే. టీచర్‌కి ట్రైనింగ్ ఇవ్వకుండా సర్క్యులర్ పంపితే జరిగే పని కాదిది. మంత్రులకి ఇది రుచించకపోవడానికి కారణం కూడా అదే అని నా అనుమానం, "రోజూ డిక్టేషన్" అంటే ఒక్క హెడ్‌లైన్‌లో పట్టేస్తుంది, "టీచర్లకి రెండేళ్లు ట్రైనింగ్" అంటే బడ్జెట్ కావాలి, ఓపిక కావాలి. ఇంకో సంగతి, 2008 లో ఫ్రాన్స్ ప్రైమరీ స్కూళ్లలో శనివారం క్లాసులు ఎత్తేసి వారానికి 26 గంటల్ని 24 చేశారు, తప్పులు పెరగడంలో దానికెంత వాటా ఉందో అనే చర్చ ఈ డిక్టేషన్ హడావుడిలో పెద్దగా వినపడదు.

చిన్న క్లాసుల్లో చదవడం నేర్పే విషయంలో కూడా ఇదే కథ. అక్షరాల పద్ధతా, పదాల పద్ధతా అని ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. రోలాఁ గ్వాగూ అనే పరిశోధకుడి టీమ్ 131 ఒకటో తరగతి క్లాసుల్లోకి వెళ్లి టీచర్ ఏ పనికి ఎన్ని నిమిషాలు పెడుతున్నారో గడియారం పెట్టుకుని మరీ రాసుకుంది. చివరికి తేలిందేంటంటే పద్ధతి పేరుతో కంటే క్లాసులో నిజంగా జరిగే పనితోనే తేడా ఎక్కువ వస్తోంది. మొదటి తొమ్మిది వారాల్లో 14, 15 అక్షర-శబ్ద జతలు నేర్పిన క్లాసుల్లో వీక్ పిల్లలకి ఎక్కువ లాభం, నెమ్మదిగా వెళ్తే వాళ్లకి మేలని చాలామంది టీచర్లు అనుకుంటారు, తేలింది దానికి రివర్స్.

ఇక సాహిత్యం. 2002 లో ఫ్రాన్స్ ప్రైమరీ సిలబస్‌లోకే సాహిత్యాన్ని తెచ్చింది, పై తరగతులకి 180 పుస్తకాల లిస్టు ఇచ్చి మరీ. కాత్రిన్ తోవరోన్ లాంటి పరిశోధకులు చెప్పిందేంటంటే పిల్లలకి అన్నీ విప్పి చెప్పేసే కథలే ఇవ్వకండి, కొంచెం మొండికేసే కథలు కూడా ఇవ్వండి, అర్థం కోసం వాళ్లు క్లాసులో పోట్లాడుకోవాలి అని. మంచి మాట. కానీ పిల్లలు పెద్దయ్యి మన ఇంటర్ ఫస్టియర్ లాంటి క్లాసుకి వచ్చేసరికి బాక్ (అక్కడ స్కూలు చదువు చివర రాసే పెద్ద పరీక్ష) లో భాగంగా ఫ్రెంచ్ పరీక్ష ఉంటుంది, నాలుగు గంటల రాత పరీక్ష, 20 నిమిషాల ఓరల్. ఓరల్‌లో ఏడాదంతా చదివిన పాఠ్యాల్లోంచి ఒకటి ఇచ్చి లైన్ లైన్‌గా వివరించమంటారు. 2019 రిఫార్మ్ తర్వాత నేషనల్ లిస్టు ఇచ్చారు, దేశమంతా అవే 12 పుస్తకాలు, ప్రతి టీచర్ వాటిలోంచే ఎంచుకోవాలి. పుస్తకాలు ముందే తెలిస్తే ఏం జరుగుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, రెడీమేడ్ వివరణలు, షీట్లు, బట్టీ.

చెప్పక్కర్లేదు అని ఎందుకన్నానంటే నేను ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్ తీసుకున్నా. స్కోరింగ్ అన్నారు, తీసుకున్నా, మా బ్యాచ్‌లో చాలామంది అలాగే, మిగతావాళ్లు సంస్కృతం. ముఖ్యమైన ప్రశ్నలూ జవాబులూ జిరాక్స్ ఇచ్చేవాళ్లు, అవి కంఠతా పట్టి రాశాం, మార్కులు తొంభై దాటాయి. రెండేళ్లలో ఒక్కసారి కూడా "ఈ పదం చివర ఎస్ ఎందుకు పెట్టావ్" అని ఎవరూ అడగలేదు. మా మేడమ్‌ది తప్పనను, సిలబస్ పూర్తి చేయడానికే ఆవిడకి టైమ్ సరిపోయేది కాదు. కానీ తెలుగు మాట్లాడే పిల్లలుగా మేం ఆ క్లాసుకి ఒక ఆస్తి తీసుకెళ్లాం, "ఆడుతున్నాడు, ఆడుతున్నారు" అని కర్తని బట్టి క్రియ మార్చడం మాకు పుట్టుకతో వచ్చింది. ఫ్రెంచ్ పిల్లాడికి వినపడని సంగతి మాకు సొంత భాషలో రోజూ వినపడుతుంది. ఆ "రు" ని చూపించి, అక్కడ కనపడే ఆ ఇ ఎన్ టి ఇదేరా అని ఒక్క పది నిమిషాలు చెప్పుంటే ఆ మూడు మూగ అక్షరాలు నేను జిరాక్స్ కాగితంలో వెతుక్కునేవాణ్ని కాదు.