పాత స్పోర్ట్స్ కారుకు కొత్త వారంటీ

తిరుపతి బైపాస్‌లో, చిత్తూరు–బెంగళూరు రోడ్డులో కేఏ, టీఎన్ నంబర్ల స్పోర్ట్స్ కార్లు ఇప్పుడు వింతేమీ కాదు. కొత్తది కొనలేనివాళ్లు చెన్నై, బెంగళూరు వెళ్లి పాతవి తెచ్చుకుంటున్నారు. బేరం కుదిరి అడ్వాన్సు ఇచ్చాక అమ్మేవాళ్లు మెల్లగా ఓ మాట తగిలిస్తారు: "ఇంకో లక్షన్నర వేసుకోండి సార్, రెండేళ్లు ఎక్స్‌టెండెడ్ వారంటీ." అంటే మొదటి వారంటీ గడువు తీరాక కూడా మరమ్మతు ఖర్చు భరిస్తామనే ఒప్పందం. వేసుకోవచ్చా? కారు తయారుచేసిన కంపెనీయే ఇచ్చే వారంటీ అయితే తీసుకోవడమే మేలు. బయటి సంస్థ ఇచ్చేదైతే షరతులన్నీ చదివేదాకా జేబులో చెయ్యి పెట్టొద్దని మా సలహా.

ఈ బండ్లలో అసలు ఖర్చు రెండు క్లచ్‌లతో తనంతట తనే గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు, దాన్ని నడిపే మెకట్రానిక్స్ యూనిట్, టర్బో, ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ దగ్గరుంటుంది. వీటిలో ఒక్కటి మొరాయించినా బిల్లు లక్షల్లోకి పోతుంది. బ్రోచర్ మీద 'ఇంజిన్, గేర్‌బాక్సు' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. లోపలి పేజీ తిప్పితే క్లచ్ ప్లేట్లు, బ్రేకు డిస్కులు, బుష్‌లు 'అరుగుదల' కింద తప్పుకుంటాయి. ఒక్కో క్లెయిముకు ఇంతకు మించి ఇవ్వమనే పరిమితి ఇంకోచోట ఉంటుంది. అన్నిటికన్నా ప్రమాదం రీమ్యాప్ షరతు. పాత యజమాని సరదాపడి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పించి ఉంటే, ఆ సంగతే తెలియని కొత్త యజమాని క్లెయిము చెల్లకుండా పోతుంది.

బంపర్ టు బంపర్ ఇన్సూరెన్స్ ఉందిగా అని ధీమాపడేవాళ్లూ ఉన్నారు. అది ప్రమాదంలో దెబ్బతిన్న భాగాలకు. దానంతట అది పాడైన గేర్‌బాక్సుకు పైసా రాదు.

ఇక దూరం. తిరుపతి–మదనపల్లె దారిలోని భాకరాపేట ఘాట్‌లో బండి ఆగిపోతే చెన్నైకో బెంగళూరుకో చేర్చే టోయింగ్ ఖర్చు ఎవరిదో కాగితంలో రాసి ఉందా? కంపెనీ సంగతీ చూసుకోవాలి. ఫోర్డ్ మస్టాంగ్ మన దేశానికి 2016లో వచ్చింది. 2021లో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆడి టీటీ తయారీ 2023లో పూర్తిగా ఆగింది. ఇలాంటి బండికి వారంటీ అమ్మేవాళ్లను విడిభాగాలు ఎక్కణ్నుంచి తెస్తారో, ఎన్నాళ్లలో తెస్తారో ముందే అడగాలి. (తిరుమల కొండెక్కేటప్పుడు నిర్ణీత సమయం కన్నా ముందు పైకి చేరితే జరిమానా వేసే ఊళ్లో ఇంత వేగం ఎందుకన్నది వేరే చర్చ.)

అడ్వాన్సు ఇవ్వకముందే ఆ కారు కంపెనీ సర్వీసు సెంటర్లో బండిని లిఫ్ట్ ఎక్కించి చూపించాలి. స్కానర్ పెట్టించి, ఛాసిస్ నంబరుతో సర్వీసు చరిత్ర తీయించాలి. తనిఖీ ఫీజుకు వెనకాడటం ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమే. అమ్మేవాళ్లు తనిఖీకి ఒప్పుకోకపోతే ఇక వారంటీ మాట అనవసరం, బండినే వదిలేయొచ్చు. తనిఖీలో బండి బాగుందని తేలి, బయటి సంస్థ వారంటీ మాత్రమే దొరికితే ఆ లక్షన్నర బ్యాంకులో వేసి మరమ్మతులకు ఉంచుకోవడం నయం.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. పాత వాహనాల డీలర్లు రవాణాశాఖ నుంచి అధీకృత పత్రం తీసుకోవాలని 2023 ఏప్రిల్ నుంచి నిబంధన అమల్లో ఉంది. దానితోపాటే, వారంటీ దేనికి వర్తించదో ఒకే పేజీలో తెలుగులో రాసిచ్చాకే డబ్బు తీసుకోవాలనే షరతూ పెట్టాలి. సంతకం చేశాక పదిహేను రోజుల్లో వద్దనుకుంటే మొత్తం వెనక్కిచ్చే వీలుండాలి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు చెన్నై చుట్టూ తిరగాల్సిన పనిలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కొన్నవారు నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు. జాతీయ హెల్ప్‌లైన్ 1915. బండికి చేసిన పనులు రాసి సర్వీసు సెంటర్ ఇచ్చే జాబ్ కార్డులు, క్లెయిము తిరస్కరించిన లేఖ, వారంటీ అంటగట్టినప్పటి వాట్సాప్ మెసేజీలు పారేయకుండా దాచుకోవాలి.