మోషన్స్ కట్టాయి సరే, పేగుల్లో ఏం పోయింది?

మే నెలలో కందుకూరు దగ్గర ఓ పెళ్లి భోజనం చేసొచ్చిన మర్నాడు మా ఇంట్లో ముగ్గురికి మోషన్స్ పట్టుకున్నాయి. మందుల షాపతను జ్వరం ఉందా, రక్తం పడుతోందా అని కూడా అడగలేదు. ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ అనే రెండు యాంటీబయాటిక్స్ కలిసిన స్ట్రిప్పు తీసి, కత్తెరతో కత్తిరించి చేతిలో పెట్టాడు. రెండో రోజుకి ఇద్దరికి తగ్గింది. మాత్రలంటే గిట్టని మా అత్త ఓఆర్‌ఎస్ నీళ్లు, పలుచటి మజ్జిగతో సరిపెట్టుకుంది. ఆమెకీ రెండో రోజుకే తగ్గింది.

ముగ్గురిని చూసి శాస్త్రం చెప్పలేం. కానీ నీళ్ల విరేచనాల్లో చాలావరకు వాటంతటవే తగ్గేవే. వైరస్ వల్ల వచ్చిన వాటి మీద యాంటీబయాటిక్ అసలు పనిచేయదు. అయినా తగ్గించిన పేరు మాత్రకే దక్కుతుంది.

మాత్ర మాత్రం తన పని తాను చేస్తుంది. మన పెద్దపేగులో వందల రకాల బ్యాక్టీరియా ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఆక్సిజన్ తగిలితే బతకలేనివి. ఆర్నిడజోల్, మెట్రోనిడజోల్ లాంటి మందులు దెబ్బకొట్టేది సరిగ్గా అలాంటి వాటినే. కలుపు కోసం కొట్టిన మందుకు వరి కూడా మాడిపోయినట్టు.

మాడింది మళ్లీ మొలుస్తుందా? 2018లో డెన్మార్క్ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న 12 మంది మగవాళ్లకు నాలుగు రోజుల పాటు మూడు బలమైన యాంటీబయాటిక్స్ ఇచ్చి చూశారు. పేగుల్లోని బ్యాక్టీరియా నెలన్నరలో చాలావరకు కోలుకున్నాయి గానీ, అంతకుముందు అందరిలో కనిపించిన 9 జాతులు ఆరు నెలల తర్వాత కూడా చాలామందిలో కనిపించలేదు. అవి ఆసుపత్రుల్లో వాడే మందులు, మన షాపు మాత్రలతో నేరుగా పోల్చకూడదు. మనకు దగ్గరగా ఉండేది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో ప్రచురించిన అధ్యయనం. పది నెలల వ్యవధిలో ముగ్గురికి రెండుసార్లు సిప్రోఫ్లాక్సాసిన్ (మన ఆఫ్లాక్సాసిన్ కుటుంబానిదే) ఇచ్చారు. చివరికి వాళ్ల పేగుల్లోని బ్యాక్టీరియా పాత స్థితికి పూర్తిగా రాలేదు. అందుకే నా భయం ఒక్క కోర్సు గురించి కాదు. ఎండాకాలం ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి, మధ్యలో తిరునాళ్లకు వెళ్లొచ్చి ఇంకోసారి మింగే పిల్లల గురించి.

ఇంకో సంగతి. 1950లలోనే షికాగోలో ఎలుకల మీద ఒక ప్రయోగం జరిగింది. మామూలు ఎలుకకు జబ్బు చేయాలంటే లక్ష దాకా సాల్మొనెల్లా క్రిములు కావాల్సి వచ్చింది. స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చిన ఎలుకకు పది లోపే సరిపోయాయి. కాపలా ఉన్నవాళ్లను మనమే తరిమేశాక దొంగకు అడ్డేముంది? 'ఈ మధ్య మాటిమాటికీ కడుపు చెడుతోంది' అనేవాళ్లను మొదట అడగాల్సిన ప్రశ్న, పోయినసారి ఏం మింగారని.

మాత్రతో పాటు ప్రోబయోటిక్ గుళికలు, అంటే మంచి బ్యాక్టీరియా నింపినవి, కూడా అంటగడుతున్నారు. 2018లో ఇజ్రాయెల్‌లో చేసిన ఒక చిన్న అధ్యయనంలో, యాంటీబయాటిక్ తర్వాత ఆ గుళికలు వాడినవాళ్లలో సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఇంకా ఆలస్యమైంది. పెరుగన్నం మానమని కాదు, గుళికకు డబ్బు పోసేముందు ఆలోచించమని.

రక్త విరేచనాలు, తీవ్రమైన కలరా, టైఫాయిడ్ అయితే యాంటీబయాటిక్ అవసరం పడుతుంది. అది తేల్చాల్సింది డాక్టరు. పిల్లల నీళ్ల విరేచనాలకు ఓఆర్‌ఎస్‌తో పాటు 10 నుంచి 14 రోజులు జింక్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లోనే చెప్పాయి.

డాక్టరు చీటీ లేకుండా ఈ మాత్రలు అమ్మకూడదని చట్టం ఉంది, స్ట్రిప్పు మీద ఎర్ర గీతా ఉంటుంది. కానీ చీమకుర్తి క్వారీలో రోజు కూలీకి పోయే మనిషికి డాక్టరు దగ్గరికెళ్తే ఆ రోజు కూలి పోతుంది, పైన ఫీజు. మాత్ర అతనికి సెలవు చీటీ కాదు, పనిలోకి వెళ్లే చీటీ. షాపతన్ని నేను తర్వాత అడిగాను. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒక్కటే ఇస్తే ఏమవుతుందని. 'పక్క షాపుకి పోతారు సార్' అన్నాడు.