‘కాబట్టి’ దగ్గర దారి తప్పిన సందేశం

ఫోన్లలో ఒక సందేశం తెగ తిరుగుతోంది: ‘విటమిన్ డి కొవ్వులో దాగుతుంది. కాబట్టి లావుగా ఉన్న ఆడవాళ్లకు నిల్వలు బోలెడు, పరీక్షలో తక్కువని వచ్చినా మాత్రలు దండగ. ఒకవేళ వేసుకున్నా ఎక్కువైంది ఒంట్లోంచి పోతుంది, పైగా బరువు తగ్గుతారు.’ దండగంటూనే బరువు తగ్గుతారని ఎలా అన్నారో రాసినవాళ్లకే తెలియాలి.

‘కొవ్వులో దాగుతుంది, కాబట్టి నిల్వలు బోలెడు.’ మొదటి సగం నిజమే. తిరకాసంతా ఆ ‘కాబట్టి’లో ఉంది. కొవ్వులో చేరిన డి అంత తేలిగ్గా రక్తంలోకి తిరిగి రాదు. పైగా ఒళ్లు పెద్దదైతే అదే డోసు ఎక్కువ చోటుకు సర్దుకోవాలి. చెంబులో వేసిన చిటికెడు ఉప్పు, బిందెలో వేసిన చిటికెడు ఉప్పు ఒకే రుచి ఇస్తాయా? 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో అందరి మీదా ఒకేలా అతినీలలోహిత కాంతి పడనిచ్చారు. ఊబకాయం ఉన్నవాళ్ల రక్తంలో డి పెరుగుదల మిగతావాళ్ల కంటే 57 శాతం తక్కువ. చర్మంలో డి తయారీకి కావాల్సిన ముడిసరుకు మాత్రం వాళ్లలోనూ దాదాపు అంతే ఉంది! అమెరికాలోని హార్మోన్ నిపుణుల సంస్థ ఎండోక్రైన్ సొసైటీ 2011 మార్గదర్శకాలైతే, ఊబకాయం ఉన్నవాళ్లకు లోపం తగ్గాలంటే రెండు మూడు రెట్ల డోసు కావాలన్నాయి. సందేశం చెప్పినదానికి సరిగ్గా తలకిందులు.

అలాగని లావుగా ఉన్న ప్రతి ఒక్కరూ పరీక్షకు పరుగెత్తనక్కర్లేదు. వేరే కారణం లేకుండా, కేవలం ఊబకాయం ఉందని పరీక్ష చేయించడాన్ని అదే సంస్థ 2024లో సిఫారసు చెయ్యలేదు. నా మాట, లోపం ఉందని తేలి మందు మొదలుపెట్టినవాళ్ల గురించి.

‘బరువు తగ్గుతారు.’ 2013లో జన్యువుల ఆధారంగా చేసిన పెద్ద అధ్యయనం ప్రకారం, బరువు పెరిగితే డి తగ్గుతుంది. డి తగ్గడం వల్ల బరువు పెరుగుతుందనడానికి ఆధారం దొరకలేదు.

‘ఎక్కువైంది పోతుంది.’ ఇది ప్రమాదకరమైన మాట. అలా మూత్రంలో పోయేవి సి లాంటి, నీటిలో కరిగే విటమిన్లు. డి పేరుకుంటుంది. మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి దాహం, వాంతులు, మలబద్ధకం వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు దాటిన 2,256 మంది మహిళలతో జరిగి, 2010లో ఫలితాలు వెలువడిన అధ్యయనంలో కొందరికి ఏడాదికోసారి 5,00,000 యూనిట్లు ఇచ్చారు. ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవాళ్ల కంటే వీళ్లే ఎక్కువగా కిందపడ్డారు, ఎముకలూ వీళ్లకే ఎక్కువ విరిగాయి.

కోర్సు పూర్తయినా స్థాయి పెరగకపోతే మాత్రలు నకిలీవని అనుకోకండి, సొంతంగా డోసు పెంచేయకండి. డాక్టరు మీ బరువు చూసి డోసు మారుస్తారు, రెండు మూడు నెలలాగి మళ్లీ పరీక్ష చేయిస్తారు. డబ్బా మీది అంకె యూనిట్లా, మైక్రోగ్రాములా అన్నది కూడా చూసుకోండి. 1 మైక్రోగ్రాము అంటే 40 యూనిట్లు. ‘25 మైక్రోగ్రాములే కదా’ అని రోజుకు నాలుగు వేసుకుంటే 4,000 యూనిట్లు. పెద్దవాళ్లు డాక్టరు సలహా లేకుండా దాటకూడదనే రోజువారీ పరిమితి సరిగ్గా అంతే.