మహారాజశ్రీ యూరియా గారికి, ఒక లాన్ యజమాని వ్రాయునది

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే కుశలం మీ ఒక్కరిదే కనబడుతోంది. సంచిలో మీరు తెల్లగా, గుండ్రంగా నిగనిగలాడుతున్నారు. మీరు పాదం మోపిన లాన్ మాత్రం చారలు తేలి ఉంది. ఒక చార కారుపచ్చ, దాని పక్కది పాలిపోయిన పసుపు, ఆ పక్కది పూర్తిగా మాడిపోయిన గోధుమరంగు. చల్లిన చెయ్యి ఎక్కడ ధారాళంగా విదిలించిందో, ఎక్కడ పిసినారితనం చూపించిందో గడ్డి మీద స్పష్టంగా నమోదైపోతుంది. ఇంత పారదర్శకత ఏ ఆఫీసులోనూ ఉండదు, ఆ మాట ఒప్పుకోవాలి.

మీ చరిత్ర చిన్నదేం కాదు. ఒకప్పుడు మీరు జంతువుల మూత్రంలోంచి తియ్యాల్సిన సరుకు. 1828లో ఫ్రెడరిక్ వోలర్ అనే రసాయన శాస్త్రవేత్త మిమ్మల్ని ప్రయోగశాలలో తయారుచేసి చూపించాడు. తర్వాత హేబర్, బాష్ అనే ఇద్దరు గాలిలోని నత్రజనిని మీ ముడిసరుకైన అమ్మోనియాగా మార్చే దారి వేశారు. 1913 నుంచి ఫ్యాక్టరీల్లో ఆ పని జరుగుతూనే ఉంది. ఇవాళ ప్రపంచం తినే తిండిలో దాదాపు సగం ఆ దారి చలవేనని అంచనా. పంటపొలంలో మీ పెద్దరికానికి నేను అడ్డు రాను. నా ఫిర్యాదంతా ఇంటి ముందున్న గడ్డి గురించే. ఈ గడ్డిని ఎవరూ గాదెలో పోసుకోరు, క్వింటాళ్ళలో తూచరు. దీనికి దిగుబడి అంటే గడ్డి కోసే మోవర్ బుట్ట నిండటం. ఆ దిగుబడి పెంచమని మిమ్మల్ని ఎవరడిగారు?

మీ ఒంట్లో 46 శాతం నత్రజని ఉంది. బస్తాల్లో దొరికే మామూలు నత్రజని ఎరువుల్లో మీ అంత చిక్కనివాడు లేడు. చల్లి నీళ్ళు పెడితే వారం పది రోజుల్లో గడ్డి కారుపచ్చగా తిరుగుతుంది. గేటు దగ్గర నిలబడి చూసుకునే యజమాని ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. పక్కింటాయన ఆగి “ఏం వేశారండీ?” అని అడిగాడంటే ఇక ఆ పూటకి అన్నం కూడా అక్కర్లేదు. మీ కిటుకు అదే. మీరు గడ్డికి మేత పెట్టరు, యజమాని కంటికి పెడతారు. ‘ఆలస్యం అమృతం విషం’ అన్న మాట మీ సంచి మీద ఇంకా ఎందుకు అచ్చు వేయించలేదో నాకు అర్థం కాదు.

అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. గడ్డి ఒళ్ళు తెలియకుండా పెరుగుతుంది. దాచుకున్న పిండిపదార్థమంతా ఊడ్చి ఆకుకే పెడుతుంది. వేరు దిగదు, ఆకు ఆగదు. వారానికోసారి నడిపే మోవర్ వారానికి రెండుసార్లు నడపాలి. ఒక కోతలో ఆకు పొడవులో మూడో వంతుకు మించి తియ్యకూడదంటారు కదా, మీ హయాంలో ఆ నియమం పాటించాలంటే ఉద్యోగానికి సెలవు పెట్టాలి. పైగా ఆ మెత్తటి ఆకంటే బూజులకు మహా ఇష్టం. ఉక్కపోత రాత్రుల్లో రైజోక్టోనియా అనే శిలీంధ్రం వచ్చి తిష్ఠ వేస్తుంది, గుండ్రటి గోధుమరంగు మచ్చలు పడతాయి. అప్పుడు యజమాని ఏం చేస్తాడు? గడ్డి నీరసపడిందనుకుని మిమ్మల్నే ఇంకో గుప్పెడు చల్లుతాడు. నేరం చేసినవాణ్ణే పంచాయతీకి పెద్దగా కూర్చోబెట్టడమంటే ఇదే.

మీరు ఎలా మాడుస్తారో దగ్గర కూర్చుని చూడాల్సిందే. పొద్దున్నే ఆకు మీద మంచు ఉంటుంది. మీ గుళిక ఒకటి ఆకు మడతలో పడి ఆగుతుంది. కాసేపటికి దాని అంచులు కరిగి చుట్టూ చిన్న నీటిబొట్టు చేరుతుంది. ఎండ ఎక్కేకొద్దీ ఆ బొట్టు చిక్కబడుతుంది. అంత చిక్కటి ద్రావణం పక్కనుంటే ఆకు లోపలి నీరు లోపల నిలవదు, బయటికి లాగేసుకుంటుంది. సరిగ్గా ఆ చోట ముందు సూదిమొనంత మచ్చ పడుతుంది, తర్వాత అక్కణ్ణుంచి కొస దాకా ఆకు ఎండిపోతుంది. ఇది ఒక్క గుళిక నిర్వాకం. సంచిలో మీ బంధువర్గం ఎంతుందో వేరే చెప్పాలా?

పోనీ, తెచ్చిన నత్రజని అంతా గడ్డి చేతిలో పెడతారా అంటే అదీ లేదు. మట్టిలో యూరియేజ్ అనే ఎంజైము మీ కోసం కాచుక్కూర్చుని ఉంటుంది. అది ముట్టుకోగానే మీరు అమ్మోనియా వైపు తిరుగుతారు. పైన నీళ్ళు పడకపోతే అందులో కొంత గాలిలో కలిసిపోతుంది, మట్టి వెచ్చగా, క్షారంగా ఉంటే ఇంకా ఎక్కువ. అందుకే చల్లిన వెంటనే 12 మిల్లీమీటర్ల దాకా నీళ్ళు పెట్టి మిమ్మల్ని లోపలికి దించాలంటారు. మరి నీళ్ళు ఎక్కువైతే? నేలలోని బాక్టీరియా అప్పటికే మిమ్మల్ని నైట్రేటుగా మార్చి పెట్టి ఉంటుంది. నైట్రేటుది రుణావేశం, బంకమట్టి రేణువుదీ రుణావేశమే, కాబట్టి మట్టి మిమ్మల్ని పట్టుకోదు. నీటితో పాటు కిందికి జారుకుని భూగర్భజలంలో తేలుతారు. తాగేనీటిలో నైట్రేటు లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. అది దాటితే సీసాపాలు తాగే పసిపిల్లల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గే ప్రమాదం ఉంది. నీళ్ళు తక్కువైతే ఆకాశానికి, ఎక్కువైతే పాతాళానికి. ఇంటిపట్టున ఉండటం మాత్రం మీ జాతకంలో లేదు.

ఈ సంగతి మీవాళ్ళకూ తెలుసు. అందుకే మీకు గంధకం పూస్తారు, వేపనూనె పూస్తారు, ప్లాస్టిక్ లాంటి పొర తొడుగుతారు. తొడిగితే కొంత నెమ్మదిస్తారు, కాదనను. కానీ ఆ నెమ్మది పూతది, మీది కాదు. పొర పగిలితే పాత పరుగే. పొర ఉన్నా లేకపోయినా మట్టిని గుల్లబరిచే సేంద్రియ పదార్థం మీ దగ్గర పిసరు కూడా లేదు.

కాబట్టి లాన్‌లో మీ చోట కొత్తవాళ్ళను పెట్టుకున్నాను. వేపపిండి, ఆముదం పిండి, ఎముకల పొడి, ఈకల పొడి, బాగా మాగిన కంపోస్టు, వానపాముల ఎరువు. ఒక్కరికీ మీ రంగు లేదు, మీ గుండ్రదనం లేదు. వాసన సంగతి ఎత్తకపోవడమే మర్యాద. పని కూడా మోపెడు. ఒక విడతకు చదరపు మీటరుకు 5 గ్రాముల నత్రజని అన్నది మామూలు లెక్క. ఆ లెక్కన మీరైతే 11 గ్రాములు చాలు. 5 శాతం నత్రజని ఉన్న పిండి అయితే 100 గ్రాములు కావాలి. వంద చదరపు మీటర్ల లాన్‌కు మీరు కిలో పైచిలుకు, పిండి పది కిలోలు. ఈ విషయంలో నా నడుము ఎవరి పక్షమో దయచేసి అడగకండి.

అయినా వాళ్ళే ఎందుకంటే, వాళ్ళు గడ్డి ఆకలిని బట్టి వడ్డిస్తారు. పిండిలో నత్రజని ప్రోటీన్లలో ఇరుక్కుని ఉంటుంది, గడ్డి దాన్ని నేరుగా తీసుకోలేదు. బాక్టీరియా, శిలీంధ్రాలు ముందు తాము తిని, తమ అవసరం తీరాక మిగిలింది వదులుతాయి. ఈకల పొడిలో ఉండే కెరాటిన్ లాంటి మొండి ప్రోటీను అయితే విప్పడానికి ఇంకా టైం పడుతుంది. ఈ పనికి వాటికి తడి కావాలి, వెచ్చదనం కావాలి. గడ్డి పెరగడానికీ కావలసినవి అవే. ఎండకు నేల పొడిబారి గడ్డి ముడుచుకుంటే అవీ పని ఆపేస్తాయి. వాన పడి గడ్డి లేస్తే అవీ లేస్తాయి. మీరు నెల జీతం ఒకటో తారీఖునే ఖర్చుపెట్టేసి మిగతా రోజులు అప్పులు చేసే రకం. వాళ్ళు ఒక విడత వేస్తే కొన్ని వారాల పాటు కొంచెం కొంచెంగా సర్దుతారు. పాపం, మొదటి రెండు మూడు వారాలు ఏమీ జరిగినట్టే ఉండదు. ఆ రెండు మూడు వారాలు ఓర్చుకోలేకే చాలామంది మళ్ళీ మీ కాళ్ళ మీద పడతారు.

తేడా పైనుంచి చూస్తే తెలియదు. కత్తితో జానెడు లోతు ముక్క కోసి లేపి చూడాలి. మీ ఏలుబడిలో పెరిగిన గడ్డి అయితే పైన పచ్చదనం, దాని కింద స్పాంజిలా నొక్కుకునే గోధుమరంగు పీచు, ఆ పీచులోనే తిరుగుతూ మట్టిలోకి సరిగా దిగని వేళ్ళు. పీచు పొర అర అంగుళం దాటిందంటే నీళ్ళు కూడా లోపలికి దిగడానికి మొరాయిస్తాయి. కంపోస్టు అలవాటైన చోట అదే ముక్క చేతిలో పొడిపొడిగా విడిపోతుంది. వానపాము చేసుకుపోయిన సొరంగంలో గడ్డివేరు హాయిగా కిందికి దిగి ఉంటుంది, గోడలకు సన్నటి తెల్లటి పిల్లవేళ్ళు అంటుకుని ఉంటాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే తొలకరి వాసన వస్తుంది. ఆ వాసన మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ జాతి బాక్టీరియా తయారుచేసే జియోస్మిన్‌ది. తడి తగిలి అమ్మోనియాగా మారితే మీ వాసన ఎలా ఉంటుందో మీకే తెలుసు, ముక్కు మూసుకుని చెబుతున్నాను.

ఇంకో ఉచిత ఉద్యోగి ఉన్నాడు, వాడి పేరు చెబితే మీకు మంట. కోసిన గడ్డి తుంపులే. వాటిని బుట్టలో పట్టి చెత్తలో పారేసి, ఖాళీ అయిన నత్రజని కోసం మళ్ళీ మిమ్మల్ని కొనుక్కొచ్చుకునే సంప్రదాయం ఎవరు కనిపెట్టారోగానీ మీ బంధువే అయ్యుంటాడు. చిన్నచిన్న తుంపులను లాన్ మీదే వదిలేస్తే ఏడాదికి గడ్డికి కావలసిన నత్రజనిలో పావు వంతు దాకా అవే తిరిగి ఇస్తాయి. ‘తుంపులు వదిలితే పీచు పేరుకుంటుంది’ అన్నది మీ తరపు పుకారు. తుంపుల్లో ఎక్కువ భాగం నీరే, ఇట్టే కుళ్ళిపోతాయి. పీచు కట్టేది త్వరగా కుళ్ళని కాడలు, వేళ్ళు. వాటిని ఎగదోసి పెంచేది ఎవరో మళ్ళీ చెప్పించకండి.

అలాగని కొత్తవాళ్ళంతా దేవుళ్ళని నేను అనడం లేదు. చలికి మట్టి 10 డిగ్రీల కిందికి దిగితే వాళ్ళ పని దాదాపు ఆగిపోతుంది, ఎంత బతిమాలినా లేవరు. ఎముకల పొడి చల్లిన రాత్రి కుక్క లాన్ అంతా తవ్వి పోస్తుంది. మాగని పేడ వేస్తే కలుపు విత్తనాలను చేతులారా నాటినట్టే. రంపపు పొట్టు కలిపితే, దాన్ని అరిగించుకోవడానికి సూక్ష్మజీవులు ఉన్న నత్రజని కూడా లాగేసుకుని గడ్డిని పస్తు పెడతాయి. ఏటా మందంగా కంపోస్టు పరిచేవాళ్ళ మట్టిలో భాస్వరం అవసరానికి మించి పేరుకుంటుంది, వానకు కొట్టుకుపోతే చెరువులో నాచు పట్టిస్తుంది. అందుకే మట్టి పరీక్ష చేయించుకుని, ఒక విడతకు అర సెంటీమీటరుకు మించకుండా, ఆకుల కొసలు పైకి కనబడేలా పరుస్తాను. వాళ్ళ తప్పులు వాళ్ళకూ ఉన్నాయి. కాకపోతే ఆ తప్పులు నిదానంగా జరుగుతాయి, దిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. మీ తప్పు చూసేసరికే మాడి ఉంటుంది.

ఇట్లు,
గడ్డిని గడ్డిలాగే పెరగనివ్వదలచిన ఒక యజమాని

తా.క. సంచిలో మిగిలినవారు తేమ తగిలి గడ్డకట్టారు. మిమ్మల్ని పారేసే ఉద్దేశం లేదు, వేరే విభాగానికి బదిలీ చేస్తున్నాను. పెరటి మూల ఎండుటాకుల కుప్ప ఉంది. అందులో నత్రజనికి 50 రెట్లకు పైనే కర్బనం ఉంది. పాతిక, ముప్పై రెట్లయితేనే సూక్ష్మజీవుల పని చురుగ్గా సాగుతుంది, ఆ లోటు మీరు పూడ్చాలి. మిమ్మల్ని గుప్పెడు గుప్పెడుగా బకెట్ నీళ్ళలో కరిగించి పొరపొరకూ చిలకరిస్తాను. అక్కడ మీ పైఅధికారులు బాక్టీరియా. వాళ్ళు మిమ్మల్ని తిని, ఒళ్ళు చేసి, చచ్చి, మాగి కంపోస్టయ్యాక మీరు మళ్ళీ లాన్‌కు రావచ్చు. నెలలు పట్టినా తొందరేమీ లేదు. ఉత్తర్వు అందిన వెంటనే విధుల్లో చేరగలరు. కుప్ప పక్కనే కాబట్టి ప్రయాణ భత్యం ఇవ్వబడదు.