ముత్యానికి నీలం అతుకు

ఫ్రాన్స్ తన మొదటి తరం దాడి జలాంతర్గాములు (అణుశక్తితో నడిచేవి) ఆరింటిలో ఐదింటికి రత్నాల పేర్లు పెట్టుకుంది. ఆఖరిది, 1993లో నౌకాదళంలో చేరిన పెర్ల్. అంటే ముత్యం. ఇరవై ఏడేళ్లు సముద్రం ఏమీ చెయ్యలేని ఆ ఓడ, మరమ్మతు కోసం తూలోన్ రేవులో నీళ్లు తోడేసిన డాక్‌లో నిలబడి ఉండగా 2020 జూన్ 12న తగలబడిపోయింది. మంటలు ఆర్పడానికి దాదాపు 14 గంటలు పట్టింది. అదృష్టం కొద్దీ అప్పటికి రియాక్టర్‌లో ఇంధనం లేదు, ఓడలో ఆయుధాలూ లేవు. ప్రాణనష్టమూ జరగలేదు.

కాలిన ఉక్కు పైకి ఉక్కులాగే కనిపిస్తుంది. అయితే పొయ్యిలో పడిన కత్తికి మళ్లీ పదును నిలవదని కమ్మరిని అడిగితే చెబుతాడు. వందల మీటర్ల లోతులో నీటి ఒత్తిడిని ఆపాల్సిన, మంటల్లో కాలిన ముందు భాగాన్ని ఇక నమ్మడానికి లేదు. అమెరికాలో 2012లో ఇలాగే డాక్‌లో కాలిన జలాంతర్గామి మయామీని, ఖర్చు భరించలేమని తుక్కు కింద వదిలేశారు. ఫ్రాన్స్ అలా వదల్లేదు. అదే తరానికి చెందిన సఫీర్, అంటే నీలం, 2019లో విధుల నుంచి తప్పుకుని అప్పటికి షెర్‌బూర్ రేవులో తుక్కయ్యే రోజు కోసం ఎదురుచూస్తూ ఉంది. పెర్ల్‌ను పెద్ద ఓడ మీదికెక్కించి అక్కడికి చేర్చారు. రెండింటినీ అడ్డంగా కోసి, నీలం ముందు సగాన్ని ముత్యం వెనక సగానికి వెల్డింగ్ చేశారు. రేణుక తలను మాతంగి మొండేనికి అతికిన కథ విన్నవాళ్లం మనం. ఇక్కడ మాత్రం గొట్టాలు, కేబుళ్లు ఒకదానికొకటి సరిపోవాలి. మధ్యలో చిన్న ముక్క చేర్చడంతో ఓడ పొడవు మీటరుకు పైగా పెరిగింది. 2023లో పెర్ల్ మళ్లీ విధుల్లో చేరింది.

ఇంజినీర్ల పనితనానికి వంక పెట్టలేం. కానీ ఇది ముందుచూపుతో జరిగిందంటే మేం ఒప్పుకోం. కొత్త తరంలో మొదటి జలాంతర్గామి సఫ్రెన్ ఏళ్ల తరబడి ఆలస్యమై 2020 నవంబరులో గానీ చేతికి రాలేదు. ఆరు ఓడల లెక్క తప్పకూడదన్న టెన్షన్ ఒకవైపు, సఫీర్‌ను ఇంకా ముక్కలు చేయకపోవడం మరోవైపు కలిసొచ్చాయి. అప్పటికే కోసేసి ఉంటే పెర్ల్ కథ జూన్‌లోనే ముగిసేది.

1994లో పెర్ల్ తరానికే చెందిన ఎమరోద్‌లో ఆవిరి ఎగదన్ని కెప్టెన్ సహా పదిమంది చనిపోయారు. సముద్రంలో జరిగింది కాబట్టి అది గుర్తుంది. డాక్‌లో జరిగేవాటిని మర్చిపోతాం. 2013లో ముంబై రేవులో మన జలాంతర్గామి సింధురక్షక్ మన కళ్ల ముందే 18 మందిని బలిగొంది. మన విశాఖలోనే రెండు అణు దాడి జలాంతర్గాముల నిర్మాణానికి 2024 అక్టోబరులో కేంద్రం పచ్చజెండా ఊపింది. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో జలాంతర్గామి సింధుకీర్తి మరమ్మతుకు దాదాపు తొమ్మిదేళ్లు పట్టిన అనుభవం పాతబడలేదు. కొత్త ఓడల డిజైన్‌తో పాటే వాటిని మరమ్మతు చేసే డాక్‌కు, అక్కడి అగ్నిమాపక ఏర్పాట్లకు విడిగా నిధులు ఇప్పుడే కేటాయించాలని మేం కోరుతున్నాం.