అయస్కాంతం అంటుకోనంత మాత్రాన అది మంచి పైపు కాదు

కారు సైలెన్సర్ పైపు మార్పించుకోవలసి వచ్చిన మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఎస్ఎస్ వేయించనా, మామూలుది వేయించనా?" పొరపాటు ఆ ప్రశ్నలోనే ఉంది. స్టెయిన్‌లెస్ స్టీల్ అన్నది ఒక లోహం పేరు కాదు, పెద్ద కుటుంబం పేరు. గ్రేడు చెప్పకుండా ఎస్ఎస్ అడగడమంటే, సోనామసూరో దొడ్డు బియ్యమో చెప్పకుండా దుకాణంలో సంచీ పట్టుకుని నిలబడటమే.

ఈ మాట నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. మూడేళ్ల కిందట నా పాత కారు మధ్య పైపుకు చిల్లు పడితే, నగరంలోని ఒక దుకాణంలో కొత్తది చేయించాను. దుకాణదారు జేబులోంచి అయస్కాంతం తీసి పైపుకు ఆనించి, "చూడండి సార్, అంటుకుంటలేదు, అసలైన త్రీ నాట్ ఫోర్" అన్నాడు, అంటే 304 గ్రేడు. నేనూ తల ఊపి డబ్బు కట్టాను. రెండో వానాకాలం ముగియక ముందే వెల్డింగ్ అతుకుల వెంట తుప్పు దిగింది, రెండు పైపులను బోల్టులతో కలిపే ఫ్లాంజ్ అనే పళ్లెం పక్కన పగులు వచ్చింది. బాలానగర్‌లో ఫ్యాబ్రికేషన్ పని చేసే స్నేహితుడొకరు లోహంలోని మూలకాలను చూపే యంత్రం దాని మీద పెడితే తేలిందేమిటంటే, అది 304 కాదు, ఇళ్ల మెట్ల రెయిలింగులకు వాడే 202.

అయస్కాంతం అబద్ధం చెప్పలేదు, మనమే దానిని తప్పు ప్రశ్న అడిగాం. సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304ను అయస్కాంతం పట్టదు. ఖరీదైన నికెల్‌ను తగ్గించి మాంగనీసు పెంచిన 202నూ పట్టదు. కార్ల కంపెనీలు పొగగొట్టాలకు విరివిగా వాడే, దాదాపు 11 శాతం క్రోమియం గల 409ను మాత్రం చక్కగా పట్టుకుంటుంది. అంటే ఈ పరీక్ష పనికివచ్చే 409ను నకిలీ అని తోసేసి, 202ను అసలు సరుకని నెత్తిన పెట్టుకుంటుంది. టైటానియం మిశ్రమలోహాలు తయారుచేసే మిధాని సంస్థ ఉన్న మన హైదరాబాదులో మనం ఇంకా జేబులోని అయస్కాంతంతో గ్రేడు తేలుస్తున్నాం!

అసలు 304 దొరికితే మంచిదే కదా అంటారు. మంచిదే, కాని మన అవసరం వేరు. చలి దేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కనుక అక్కడ పైపు బయటినుంచి కూడా తినుకుపోతుంది, అందుకే అక్కడివాళ్లు 304ను అంతగా మెచ్చుకుంటారు. హైదరాబాదులో ఉప్పూ లేదు, సముద్రపు గాలీ లేదు. ఇక్కడి తుప్పు ఎక్కువగా లోపలినుంచి వస్తుంది. ఒక లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వరకు వెళ్లి బండి ఆపేస్తే సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు, కాబట్టి ఆ ఆవిరి లోపలే చల్లబడి కాస్త ఆమ్లగుణం గల నీరై అడుగున నిలుస్తుంది. ఈ నీరు కారిపోవడానికే చాలా సైలెన్సర్ల అడుగున సన్నని రంధ్రం ఉంచుతారు. చుక్కలు పడుతున్నాయని దానిని వెల్డింగ్‌తో మూయించిన వారు నాకు కనీసం ఇద్దరు తెలుసు.

వేడికి సాగే గుణం గురించి అయితే ఎవరూ మాట్లాడరు. ఒక మీటరు పైపు 400 డిగ్రీల మేర వేడెక్కితే 304 సుమారు 7 మిల్లీమీటర్లు సాగుతుంది, 409 అందులో మూడింట రెండు వంతులే. 202 సాగేదీ 304 లాగానే. అటువంటి పైపును మామూలు ఇనుప ఫ్లాంజ్‌కు అతికించి, కదలడానికి చోటివ్వకుండా బిగిస్తే, రోజూ సాగి ముడుచుకునే ఒత్తిడంతా అతుకు మీదే పడుతుంది. నా పైపు పగిలింది సరిగ్గా అక్కడే. స్టెయిన్‌లెస్‌ను ఇనుముకు అతికేటప్పుడు వాడవలసిన ఫిల్లర్, అంటే అతుకులో కరిగించి నింపే తీగ, 309ఎల్ రకం. ఆ మాట ఎత్తితే మా వెల్డరు నా వంక జాలిగా చూశాడు.

జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు, సంగతి ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: దాని జింకు పూత 420 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, వెల్డింగ్ చేసేటప్పుడు లేచే పొగ పీల్చినవాడికి జ్వరం తెప్పిస్తుంది, కనుక వద్దు. కొలత విషయంలో మాత్రం జాగ్రత్త. రాణిగంజ్‌లో రెండంగుళాల పైపు అడిగి, అది నీళ్ల పైపుల కొలతలో వస్తే బయటి వ్యాసం 60.3 మిల్లీమీటర్లు ఉంటుంది. కారుకు కావలసిన రెండంగుళాల ట్యూబు 50.8 మాత్రమే. గోడ మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు చాలు.

ఇప్పుడు నా కారుకు ఉన్నది 409. ఉక్కు మిల్లు గ్రేడును ధ్రువీకరిస్తూ ఇచ్చే మిల్లు సర్టిఫికెట్ చూపించి, అందులోని హీట్ నంబరు (ఆ ఉక్కును కరిగించిన విడత సంఖ్య) పైపు మీది ముద్రతో సరిపోల్చి ఇచ్చినవారి దగ్గరే కొన్నాను. పైనంతా గోధుమరంగు తుప్పు పట్టి చూడటానికి ఏమీ బాగుండదు, కాని అది పైపైన పట్టేదే, లోతుకు దిగదు. ఉదయం బండి తీస్తే అడుగు రంధ్రంలోంచి నీళ్లు కారుతాయి. "సార్, బండి లీకవుతున్నది" అని మా వాచ్‌మన్ ఇప్పటికీ చెబుతూనే ఉంటాడు.