‘మాజీ సభ్యుడు’ అనే మాట చాటున

విఠల్‌భాయ్ పటేల్ 1933 అక్టోబరు 22న జెనీవా దగ్గర కన్నుమూశారు. భౌతికకాయం ఓడలో బొంబాయి చేరింది. 1920లో తిలక్ చితి పేర్చిన చౌపాటీ ఒడ్డునే తనకూ అంత్యక్రియలు జరగాలన్నది ఆయన కోరిక. ప్రభుత్వం ఒప్పుకోలేదు. సోనాపూర్ శ్మశానానికే తీసుకెళ్లాల్సి వచ్చింది.

ఆరడుగుల ఇసుక నేలకు ఇంత పట్టుదల చూపిన ఆ ప్రభుత్వానికి ఆయన పరాయివాడేమీ కాదు. ఢిల్లీలో కేంద్ర శాసనసభకు నాలుగున్నరేళ్లకు పైగా అధ్యక్షుడాయన, అంటే ఇప్పటి మాటలో స్పీకర్. 1925 ఆగస్టులో రంగాచారియర్ మీద 58–56 ఓట్లతో గెలిచి, ఆ కుర్చీలో ఎన్నికై కూర్చున్న మొదటి మనిషి. అంతకు ముందున్న ఫ్రెడరిక్ వైట్‌ను ప్రభుత్వమే నియమించింది.

వలస పాలనలో ఒక చట్టసభ తన మాజీ సభ్యుడికి నివాళి అర్పించడమంటే ఏమిటో తెలియాలంటే ఇలాంటి మనుషుల్ని చూడాలి. దాన్ని ఉత్త నటన అని కొట్టిపారేయడం తేలిక. నాకు మాత్రం అది అంతకన్నా చిక్కు వ్యవహారంలా కనిపిస్తుంది.

ముందు ఆ సభ ఎలాంటిదో చూద్దాం. 1919 భారత ప్రభుత్వ చట్టం కింద ఏర్పడిన కేంద్ర శాసనసభలో 145 మంది ఉండేవారు. 104 మంది ఎన్నికైనవారు, 41 మంది ప్రభుత్వం నామినేట్ చేసినవారు. ఆ 41లో 26 మంది అధికారులే. సభా నాయకుడు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి నుంచి వచ్చేవాడు. పోలీసు వ్యవహారాలు చూసే హోమ్ మెంబరూ ఆ మండలిలోని మనిషే. అంటే, ఎవరైనా జాతీయ నాయకుడు పోతే సంతాపం పలకాల్సిన పక్షం, ఆయన్ని జైల్లో పెట్టిన పక్షం ఒకటే. ఆ ఇబ్బందిలోంచి బయటపడటానికి పనికొచ్చిన మాటే ‘మాజీ సభ్యుడు’. ఆ మాట అన్నాక మనిషి వక్తృత్వం గురించి, సభా మర్యాద గురించి మాట్లాడితే సరిపోతుంది. జైలు గురించి, ఉద్యమం గురించి నోరెత్తక్కర్లేదు.

మోతీలాల్ నెహ్రూ సంగతే తీసుకోండి. చట్టసభల్లోకి వెళ్లి లోపలినుంచే పోరాడాలన్న కాంగ్రెస్‌వాళ్ల స్వరాజ్ పార్టీకి నాయకుడిగా అదే సభలో ప్రభుత్వాన్ని ఏళ్ల తరబడి ముప్పుతిప్పలు పెట్టారు. పూర్ణ స్వరాజ్యం కోరిన 1929 లాహోర్ కాంగ్రెస్ సమావేశం తర్వాత సభ్యత్వం వదులుకున్నారు. 1930 జూన్ నెలాఖర్లో అరెస్టయ్యారు, ఆరోగ్యం పాడయ్యాక సెప్టెంబరులో వదిలేశారు. 1931 ఫిబ్రవరి 6న లక్నోలో మరణించారు. అప్పటికి ఢిల్లీలో ఉన్న సభ 1930 ఎన్నికల్లో వచ్చింది. ఆ ఎన్నికలను కాంగ్రెస్ బహిష్కరించింది. అంటే ఆయన్ని తలుచుకోవడానికి ఆ బెంచీల మీద ఆయన పార్టీయే లేదు. ఇంటి పెద్ద పోతే పలకరింపులకు పక్కవీధివాళ్లు కూర్చున్నట్టు.

మళ్లీ విఠల్‌భాయ్ దగ్గరికి వస్తా, ఎందుకంటే అసలు కథ ఆయనదే. సభను లోపలినుంచి ఎదుర్కోవాలని వచ్చిన స్వరాజిస్టు ఆయన. కుర్చీ ఎక్కాక మాత్రం నిబంధనల పుస్తకాన్నే ఆయుధం చేసుకున్నారు. కమ్యూనిస్టు, కార్మిక నాయకుల మీద పెట్టిన మీరట్ కుట్ర కేసు కోర్టులో నడుస్తుండగా, విదేశీ కమ్యూనిస్టులను దేశం నుంచి పంపేయడానికి తెచ్చిన పబ్లిక్ సేఫ్టీ బిల్లు మీద సభలో చర్చ కుదరదని 1929 ఏప్రిల్‌లో రూలింగ్ ఇచ్చారు. (భగత్‌సింగ్, బటుకేశ్వర్ దత్ సభలో బాంబులు విసిరింది ఆ రూలింగ్ రావాల్సిన ఏప్రిల్ 8నే. కాబట్టి అది కొన్నాళ్లు ఆగింది.) వైస్రాయ్ ఇర్విన్ బిల్లును ఆర్డినెన్సుగా తెచ్చుకున్నాడు. అంతకు కొన్ని నెలల ముందే, అంటే 1929 జనవరిలో, ప్రభుత్వ శాఖల అజమాయిషీ నుంచి విడదీసి సభకు సొంత సచివాలయం తెచ్చిందీ ఆయనే. 1930 ఏప్రిల్‌లో రాజీనామా చేశారు, తర్వాత అరెస్టయ్యారు.

అలాంటి మనిషి పోతే సభ ఏం చేయాలి? ఆయన్ని మరిచిపోవడం దాని వల్ల కాదు. అధ్యక్షుడికి ప్రభుత్వం ముందు తలవంచకుండా కూర్చునే హక్కుందంటే అది ఆయన సంపాదించి పెట్టినదే. అందుకే ఈ నివాళులను నేను పూర్తిగా బూటకమనను. బయట రాజద్రోహి అని ముద్ర వేసిన మనిషిని లోపల ‘మన సభ్యుడు’ అని చెప్పుకోవాల్సి వస్తే, ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధిగా ఆయనకున్న చోటును ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. చౌపాటీలో ఇసుక ఇవ్వకపోవచ్చు, సభా రికార్డులోంచి పేరు తుడిచేయడం కుదరదు. ఈ చిన్న ఒప్పుకోలు కూడా ప్రభుత్వం ఇష్టపడి ఇచ్చింది కాదు, సభ్యులు నిబంధనలు పట్టుకుని పీకి తీసుకున్నదే.

అసలు సభే లేని రోజులూ ఉన్నాయి. 1939 అక్టోబరులో కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాక, మద్రాసులో 1935 భారత ప్రభుత్వ చట్టం 93వ సెక్షన్ కింద గవర్నర్ పాలన వచ్చి 1946 దాకా సాగింది. ‘ది హిందూ’ పత్రిక పెట్టిన ఆరుగురిలో ఒకరు, 1890ల్లోనే మద్రాసు శాసనమండలికి వెళ్లిన రాజమండ్రి వకీలు న్యాపతి సుబ్బారావు పంతులు 1941లో కాలం చేశారు. ఆయన కోసం రెండు నిమిషాలు లేచి నిలబడటానికి మద్రాసులో చట్టసభ తలుపులే తెరిచి లేవు.